పెరుగన్నం డబ్బా

సంపత్ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది.

మూడు నెలల్లో వాడు దుప్పటి మడిచింది ఇదే మొదటిసారి. ఆ మడత చూసే యాదమ్మకు భయమేసింది.

గుమ్మం దగ్గర వాడి చెప్పులు లేవు. ఆమె వంటగదిలోకి పరుగెత్తింది. నిన్న మాపటికి పెరుగన్నం పెట్టిచ్చిన పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. తిన్నాడేమోనని ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంతలో గిన్నెల అర కనబడింది. తమ పెళ్ళికి చర్చి వాళ్ళు పేర్లు చెక్కించి ఇచ్చిన చిన్న స్టీలు డబ్బా అక్కడ లేదు.

తినలేదు. డబ్బాలో పెట్టుకుని పోయాడు.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?" పెరట్లో పళ్ళు తోముకుంటున్న దేవసహాయం లోపలికి తొంగి చూశాడు.

"పిల్లగాడు లేడు."

"బాత్రూంల సూసినవా?"

"చెప్పులు లేవు. డబ్బా లేదు."

"డబ్బా ఏంది?"

"నిన్నటి పెరుగన్నం అండ్ల పెట్టుకోని పోయిండు," అంది యాదమ్మ. దేవసహాయం నోరు కడుక్కుని కొడుక్కి ఫోన్ చేశాడు. ఫోన్ గదిలోనే, దిండు కింద మోగింది.

"ఇయ్యాల మంగళారం," అన్నాడు. "ఒంటిగంట లోపల సూర్యాపేట దవాఖానల ఉండాలె. పోయిన వారం గూడ తప్పిపాయె. వడ్ల సీజన్ల మిల్లుకు సెలవు పెట్టి కూసున్న నేను. నువ్వు ఇంట్ల ఉండి ఏం సూస్తున్నవ్?"

"సూడకుంటనే మూడు నెలల సంది వాని ఎంట తిరుగుతున్ననా? నువ్వు పొద్దుగాల పోతవ్, మాపటికొస్తవ్. ప్రార్థన చేసి పంటవ్."

"ప్రార్థన జోలికి రాకు."

"రాలే."

దేవసహాయం చొక్కా వేసుకుని సంపత్‌ను వెతకడానికి వీధి చివరి దాకా వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే పక్కింటి పిచ్చమ్మ వెనక తలుపు దగ్గరికి వచ్చింది.

"నిన్న గూడ ఏసినవా గోలి?"

"మెల్లగ అవ్వా. పెరుగన్నంల కలిపిన. తినలే. డబ్బాల పెట్టుకోని ఎటో పోయిండు."

పిచ్చమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మరుక్షణమే తీసేసింది. "అయితే ఏమైతది? ఈ వాడల ఎవలు కలపలే? నా మొగనికి నేను కలపలేదా? తాగుడు బంద్ చెయ్యలేదా ఆయన? గిప్పుడు మనుమరాలిని స్కూలుకు దించొస్తుండు."

అది నిజమే. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక ఉన్న ఆ వాడలో ఆడవాళ్ళు తాగుబోతు మొగుళ్ళకు తెలియకుండా గోలీలు నలిపి సాంబారులో కలిపారు. నలుగురు తాగుడు మానేశారు. అది మోసమని కలిపినవాళ్ళెవరూ అనుకోలేదు. సంసారం నిలబెట్టుకోవడం అనుకున్నారు.

సూర్యాపేట దవాఖానలో ఇచ్చిన గోలీలను సంపత్ రెండు రోజులు వేసుకుని పక్కన పెట్టేసినప్పుడు యాదమ్మకు తోచింది కూడా అదే. తొమ్మిది రోజుల కింద మొదలుపెట్టింది. నాలుగో రోజు వాడు "అన్నం చేదుగున్నది" అన్నాడు. "పెరుగు పులిసింది" అంది. ఐదో రోజు నుంచి వాడు తన చేత్తో ఒలుచుకునేవి తప్ప ఏవీ తినలేదు. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, పల్లికాయ. ఈ పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు తొక్క లేని ప్రతిదానికీ భయపడ్డాడు.

అలాంటివాడు నిన్న తనంతట తాను పెరుగన్నం పెట్టమని అడిగాడు. ఆమె సంతోషంతో ఏమీ ఆలోచించలేదు. వాడు తినడానికి అడగలేదని ఇప్పుడు అర్థమైంది.

ఫోన్ మోగింది. దేవసహాయం తిరిగొచ్చి స్పీకర్ పెట్టాడు. ఉమారాణి. సూర్యాపేట దవాఖానలో మంగళవారం మంగళవారం నడిచే యువ క్లినిక్‌లో పనిచేస్తుంది. ఫిబ్రవరిలో ఆమె సంపత్ కాలేజీకి వచ్చి, మనసు బాగలేకపోతే దాచుకోవద్దని చెప్పి, బోర్డు మీద తన నంబరు రాసింది. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుతున్నట్టు అప్పటికే వింటున్న సంపత్, ఎవరికీ చెప్పకుండా ఆ నంబరుకు ఫోన్ చేశాడు. తర్వాతే ఇంట్లో చెప్పాడు.

"బయల్దేరిన్రా అక్కా?"

దేవసహాయం జరిగింది చెప్పాడు.

"డబ్బాల ఏమున్నది?"

"పెరుగన్నమంట మేడం."

"యాదమ్మక్కా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. గోలీలు అన్నంల గిట్ల కలిపినవా?"

"మా ఇంట్ల అసొంటి పని ఎవరు చేస్తరు మేడం?" అన్నాడు దేవసహాయం.

"అక్కను అడుగుతున్న అన్నా."

యాదమ్మ భర్త ముఖం చూసింది. "లేదు," అంది.

ఉమారాణి రెట్టించలేదు. "సరే. మొదటి దినం సంపత్ ఒక ఫారం నింపిండు. నీకు ఆపదొస్తే ఎవరి దగ్గరికి పోతవ్ అని అండ్ల అడుగుతం. అసొంటప్పుడు మీకు చెప్పొచ్చని సంతకం గూడ పెట్టిండు. మొదటి పేరు లెక్చరర్ హేమ్లా సార్, కోదాడ. నంబరు పంపుత."

"మా పేరు రాయలేదా?" దేవసహాయం గొంతు తగ్గింది.

"రెండో పేరు అమ్మ అని రాసిండు. పోయిన బుధవారం ఫోన్ చేసి కొట్టెయ్యమన్నడు. అందుకే అడిగిన అక్కా. వాడంతట వాడు మన దగ్గరికొచ్చిన పిల్లగాడు. ఇది మొదలే. మొదట్ల పట్టుకుంటే మల్ల కాలేజీకి పోతడు, పరీక్షలు రాస్తడు. ఇప్పుడు వాని నమ్మకం పోతే, మల్ల ఎన్ని నెలలకొస్తడో, ఎట్ల వస్తడో నేను చెప్పలేను. ఒంటిగంట దాకా డాక్టరమ్మ ఉంటది. ఎట్లనన్న తీస్కరండ్రి."

ఫోన్ పెట్టేశాక యాదమ్మ చాలాసేపు ఆ కొట్టేసిన పేరు గురించే ఆలోచించింది.

*

కోదాడ బస్సు హుజూర్‌నగర్ దాటింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు మెల్లగా పోతోంది.

హేమ్లా సార్ ఫోన్‌లో చెప్పింది ఒక్కటే. "వచ్చాడండి. క్షేమంగానే ఉన్నాడు. రండి, కానీ వాడితో గట్టిగా మాట్లాడకండి."

దేవసహాయం కిటికీలోంచి వడ్ల రాశులను చూస్తూ ఖాళీ అరచేతులు రుద్దుకుంటున్నాడు. అది అతని అలవాటు. మిల్లుకు లోడు రాగానే పిడికెడు వడ్లు అరచేతుల్లో నలిపి, ఊదేసి, గింజ పంటి కింద పెట్టి కొరికి ధర తేల్చేది అతనే. రైతులు, సేట్లు ఇద్దరూ అతని మాటకు ఎదురు చెప్పరు.

"ఇరవై రెండేండ్లు," అన్నాడు చివరికి. "బస్తాల రెండు కిలోలు పాత వడ్లు కలిపినా పట్టిస్త నేను. నా ఇంట్ల, నా అన్నంల ఎవరన్న కలిపితే నాకు తెల్వదా? ఆ మాట వానికి చెప్త."

యాదమ్మ కొంగు చివర ముడి వేసింది. విప్పింది.

"నా తాగుడు మాన్పిన దేవుడు వీన్ని బాగు చెయ్యడా?" అన్నాడు మళ్ళీ, సగం తనలో తాను. "ఒక్క దినంల మాన్పిండు. సీసా వాసనొస్తెనే కడుపుల తిప్పేది. దేవుడే నాలుక ముట్టి కడిగినట్టు."

ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో అతను నిలబడి చెప్పే సాక్ష్యం అది. పదకొండేళ్ళుగా వాడ చర్చిలో అందరికీ కంఠతా వచ్చు.

యాదమ్మ ముడి మళ్ళీ వేసింది.

*

హేమ్లా సార్ ఇల్లు కోదాడలో ఒక మందుల దుకాణం పైన రెండు గదులు. ఇంటర్‌లో సంపత్‌కు కెమిస్ట్రీ చెప్పాడు. తండా నుంచి వచ్చి లెక్చరర్ అయిన మనిషి. లుంగీ మీదే ఉన్నాడు. తలుపు తీసి పక్కకు జరిగాడు.

సంపత్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. బాగా చిక్కాడు. ఒళ్ళో డబ్బా, దాని మీద రెండు చేతులు.

"అమ్మను గూడ తోలుకొచ్చినవా నాయినా?"

"మరి రాదారా?"

"ఆమెను ఆడ్నే కూసొమ్మను. డబ్బా ముట్టొద్దు."

యాదమ్మ గుమ్మం దగ్గరే కింద కూర్చుంది.

"దీన్ని పరీక్ష చేయమన్నాడండి," అన్నాడు హేమ్లా సార్. "నా దగ్గర ల్యాబ్ లేదని చెప్పాను. హైదరాబాద్ పంపాలి. పదిహేను, ఇరవై రోజులు పట్టొచ్చు. ఏముందో తెలియకుండా ఉందనీ అనను, లేదనీ అనను. వాడికి అదే చెప్పాను."

"పంపున్రి సార్," అన్నాడు సంపత్.

"ఇయ్యాల సూర్యాపేట పోవాలె గద బిడ్డా," అన్నాడు దేవసహాయం.

"రిపోర్ట్ వచ్చినంక పోత. అప్పటిదాక ఎవ్వరి మాట నమ్మ."

"ఇరవై దినాలు ఏం తింటవ్?"

"గుడ్లు."

"ఇరవై దినాలు గుడ్లు తింటె కోళ్ళే పరేషాన్ అయితయి."

సంపత్ నవ్వలేదు. హేమ్లా సార్ కొంచెం నవ్వి ఆపుకున్నాడు.

దేవసహాయం కొడుకు ముందు నేల మీద కూర్చున్నాడు. "సంపత్, ఇటు సూడు. నా నాలుక సంగతి నీకు తెల్సు గద. ఇటియ్ ఆ డబ్బా. నీ ముందలనే నాలుగు ముద్దలు తింట. ఏమన్న కలిసుంటె నేనే చెప్త. ఏం లేకుంటె మనం బస్సెక్కుదం. ఒప్పందమేనా?"

సంపత్ చాలాసేపు తండ్రి కళ్ళలోకి చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి ఇచ్చాడు.

పుల్లటి వాసన గదంతా వచ్చింది. దేవసహాయం కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకున్నాడు. వేళ్ళతో ముద్ద చేశాడు. నోటి దాకా ఎత్తాడు.

యాదమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అతని మణికట్టు పట్టుకుంది. ముద్ద నేల మీద పడింది.

"తినకు. అండ్ల గోలి ఉన్నది."

కింద మందుల దుకాణంలో ఎవరో దగ్గుసిరప్ అడుగుతున్నారు. అది కూడా స్పష్టంగా వినబడింది.

"నేనే కలిపిన," అంది యాదమ్మ. భర్తకు కాదు, కొడుకుకు చెప్తోంది. "తొమ్మిది దినాల సంది. దవాఖాన గోలీలే. వేరేది కాదు. నువ్వు చేదంటె పెరుగు పులిసిందని అబద్ధం చెప్పిన. ఉమారాణి అడిగితే గూడ అబద్ధమే చెప్పిన."

సంపత్ అరవలేదు. లేవలేదు. "అడిగితె నేనే వేసుకునేటోన్ని గద."

"వేసుకుంటలేవు గద బిడ్డా."

"ఎందుకు వేసుకుంటలేవని ఎవరన్న అడిగిన్రా? పొద్దంత మత్తుగుంటుండె. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఆగలే. అది డాక్టరమ్మకు చెప్దామనే ఆపిన."

"నాకు తెల్వలే. మీ నాయినకు కలిపితే బాగైండు గద, నువ్వు గూడ బాగయితవనుకున్న."

మాట బయటికి వచ్చాక గానీ తాను ఏమందో ఆమెకు తెలియలేదు.

దేవసహాయం మెల్లగా తల తిప్పాడు. "నాకా?"

యాదమ్మ తలూపింది.

"నాకేం కలిపినవే?"

"తాగుడు మాన్పే గోలి. పిచ్చమ్మవ్వ తెచ్చిచ్చింది. పదకొండేండ్ల కింద."

"ఏంట్ల?"

"చారుల."

దేవసహాయం పెరుగు అంటిన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. హేమ్లా సార్ గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టి, ఏమీ అనకుండా వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

"పదకొండేండ్లు సాక్ష్యం చెప్పిన," అన్నాడు దేవసహాయం. "మైకు పట్టుకోని."

"అబద్ధం చెప్పలే గద నువ్వు. మానినవ్ గద. గోలి పది దినాలే ఏసిన. మిగతా పదకొండేండ్లు నువ్వే మానినవ్."

"నువ్వు ముందటి వరుసల కూసోని ఆమెన్ అన్నవ్."

"అన్న," అంది యాదమ్మ. "మనస్ఫూర్తిగనే అన్న."

అతను నీళ్ళు తాగాడు. సగం గ్లాసు తాగి ఆగాడు. కోపం వస్తుందని యాదమ్మ ఎదురుచూసింది. కోపం రాలేదు, లేదా దాన్ని తర్వాతకు దాచుకున్నాడు. అతను కొడుకు వైపు తిరిగాడు.

"చేదు ఏడ తగిలింది నీకు?"

సంపత్‌కు అర్థం కాలేదు.

"నాలుక ముందలనా, ఎనకనా?"

"ఎనక. మింగినంక."

దేవసహాయం తలాడించాడు, మిల్లులో గింజ కొరికాక ఆడించినట్టు. "చారుల కలిపితె నాకు తెల్వలే. పెరుగుల కలిపితె నువ్వు పట్టినవ్. నీ నాలుక కరెక్టే బిడ్డా. నువ్వు తప్పు చెప్పలే. నేనే నమ్మలే."

సంపత్ ముఖం ముడుచుకుపోయింది. ఈ మూడు నెలల్లో వాడి మాట నిజమని ఇంట్లో ఎవరూ అనలేదు. వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. దేవసహాయం పెరుగు అంటని చేయి వెతుక్కుని వాడి వీపు మీద వేశాడు. యాదమ్మ చెయ్యి చాపి, మధ్యలోనే ఆపుకుంది.

గోడ మీద గడియారం పది నలభై.

*

సూర్యాపేట బస్సు ప్లాట్‌ఫారం మీద ఉంది. డ్రైవర్ ఇంకా ఎక్కలేదు.

సంపత్ మూడు షరతులు పెట్టాడు. గోలీల అట్ట తన దగ్గరే ఉండాలి. గోలి తన చేత్తోనే తీసుకోవాలి. మత్తు సంగతి డాక్టరమ్మకు తానే చెప్పాలి, మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు. యాదమ్మ మూడింటికీ తలూపింది. ఇన్నాళ్ళూ చింతపండు సీసా వెనక దాచిన అట్టను సంచిలోంచి తీసి వాడి చేతిలో పెట్టింది. పొద్దున ఇంట్లోంచి ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

హేమ్లా సార్ తన చేతిలోని అరటిపళ్ళ కవరు సంపత్‌కిచ్చాడు. "తొక్కతోనే ఉన్నాయిరా," అన్నాడు. ఈసారి సంపత్ కొంచెం నవ్వాడు.

యాదమ్మ పక్కకు వెళ్ళి ఉమారాణికి ఫోన్ చేసింది. "పొద్దుగాల నేను అబద్ధం చెప్పిన."

"తెలుసక్కా. వానికి చెప్పినవా?"

"చెప్పిన."

"అదే ముఖ్యం. నేను గేటు కాడ నిలబడత. తీస్కరా."

ఆమె తిరిగొచ్చేసరికి సంపత్ బస్సు మెట్టు దగ్గర ఆగిపోయి ఉన్నాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద. తల కొంచెం పక్కకు వంచి ఏదో వింటున్నాడు. ఆ పక్కన ఎవరూ లేరు.

"ఏమైంది బిడ్డా?"

"నువ్వు కలుపుతున్నవని నాకెట్ల తెల్సిందనుకున్నవ్?" వాడు తగ్గు గొంతుతో అన్నాడు. "చేదుగ తెల్సింది తర్వాత. ముందల వాళ్ళే చెప్పిన్రు. గోడ అవతలోళ్ళు. నేను నమ్మలే. మా అమ్మ అట్ల చెయ్యదని కొట్లాడిన. వాళ్ళు చెప్పిందే నిజమైంది."

హేమ్లా సార్ ఇంట్లో అన్నం పారబోసి కడిగి తెచ్చిన ఖాళీ డబ్బా యాదమ్మ చేతిలో బరువెక్కింది.

"అది నిజమైంది గద," అన్నాడు వాడు. "మిగతాది గూడ నిజమైతె?"

"ఇంకేమంటున్రు?"

"సూర్యాపేట పోవద్దంటున్రు. ఉమారాణక్క చాయ్ ఇస్తదంట. తాగొద్దంట."

వెనక నిలబడ్డ దేవసహాయం నోరు తెరిచాడు. యాదమ్మ చెయ్యెత్తి ఆపింది. అదంతా నీ భ్రమ అనడం తేలిక. నిన్నటి దాకా ఆమె అన్నది అదే.

"నాకు తెల్వదు బిడ్డా," అంది. "ఆ ఒక్కటి నేను చేసిన, అందుకే అది నిజమైంది. మిగతాది నాకు తెల్వదు. ఇగ నీతోని తెల్వంది తెల్సని చెప్ప."

డ్రైవర్ ఎక్కి హారన్ కొట్టాడు. సంపత్ ఆమె ముఖంలో ఏదో వెతికాడు. తర్వాత రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టాడు.

ముగ్గురూ ఎక్కారు. కిటికీ పక్కన సంపత్, వాడి పక్కన యాదమ్మ, వెనక సీట్లో దేవసహాయం. బస్సు హైవే ఎక్కింది. కండక్టర్ వచ్చి యాదమ్మ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాడు. సంపత్ వైపు తిరిగాడు.

"మీరెంత మంది?"

సంపత్ వెంటనే చెప్పలేదు. సీట్ల మధ్య ఖాళీగా ఉన్న దారి పొడవునా చూశాడు. వాడి పెదవులు లెక్క పెడుతున్నట్టు కదిలాయి. వెనక దేవసహాయం సీట్లో ముందుకు వంగాడు.

"అమ్మ గాక ఇద్దరం," అన్నాడు చివరికి.

కండక్టర్ టికెట్లిచ్చి ముందుకు పోయాడు. సంపత్ తల్లి చెవి దగ్గరికి వంగాడు.

"వాళ్ళు గూడ ఎక్కిన్రమ్మా."

యాదమ్మ వెనక్కి చూడలేదు. డబ్బా ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టి, అరచేయి తెరిచి వాడి మోకాలి పక్కన ఉంచింది. పట్టుకోమని అడగలేదు.

"రానియ్," అంది. "ఉమారాణికి వాళ్ళ సంగతి గూడ చెప్దాం."

టైము పదకొండున్నర. సూర్యాపేట ఇంకా గంట దూరం. వాడి చెయ్యి ఆమె అరచేయి వైపు ఇంకా కదల్లేదు. పక్కకూ జరగలేదు.